బండ తెగిన చోట

కళ్లు తెరవగానే పెంటమ్మ అన్న మొదటి మాట, "దిగుడు లేదు."

ఎండదెబ్బకు ఆమె తొవ్వ మీదే కూలబడితే భాగ్య, అనూప్ చెరో రెక్క పట్టుకుని పెద్ద బండ నీడకు చేర్చారు. తడిపిన తువ్వాల నెత్తిన వేసి, ఉప్పు చక్కెర కలిపిన నీళ్లు గుక్కగుక్కగా తాగించారు. ఎండ తగ్గేదాకా ముగ్గురూ ఆ నీడలోనే ఉండిపోయారు. ఇప్పుడు పొద్దు వాలింది. ఇక కిందికి పోదామని భాగ్య బతిమాలుతోంది. పెంటమ్మ కర్ర నేలకు ఆనించి లేచి నిలబడింది.

"పొద్దుగాల్నించి ఎక్కి ఈడిదాంక వచ్చిన. నా కొడుకు పడ్డ జాగ చూడకుండ దిగ. మీకు వశం కాకుంటే మీరు పోండ్రి."

ఆమె కొడుకు సందీప్ ఈ రేలగుట్ట కొసన పడి చనిపోయి ఏడాది. మెదక్‌లో స్కూలు వ్యాను నడిపేవాడు. నిరుడు ఎండాకాలం సెలవుల్లో ఒక్కడే గుట్ట ఎక్కాడని, కాలు జారిందని పోలీసులు రాసుకున్నారు. అందరూ అదే నమ్మారు. అతని భార్య భాగ్య కూడా నమ్మింది. రక్తపరీక్షల కేంద్రంలో తన పని తాను చేసుకుంటూ, అత్తతో, బిడ్డతో కలిసి ఏడాది నెట్టుకొచ్చింది. సందీప్ ప్రాణస్నేహితుడు అనూప్, ఊళ్లోని రాందాస్ చౌరస్తా దగ్గర కళ్లద్దాల దుకాణం నడుపుతాడు. ముగ్గురూ ఒకే డిగ్రీ కాలేజీలో చదువుకున్నారు. ఈ మధ్యనే అతను భాగ్యను పెళ్లి చేసుకుంటానని అడిగాడు. భాగ్య చాలా రోజులు ఆలోచించి సరేనంది. పెంటమ్మ మాత్రం అవుననలేదు, కాదనలేదు. "రేల పూసినంక ముగ్గురం గుట్ట ఎక్కుదం. దిగినంక నా మాట చెప్త" అంది.

అందుకే ఈ ప్రయాణం. పొద్దున గుట్ట కింద ఆటో దిగినప్పుడు అనూప్ ఒక మాట అన్నాడు. "నేను ఈ గుట్ట ఎన్నడు ఎక్కలే అమ్మా. మేకలోళ్లను తొవ్వ అడుక్కుంట పోవాలె." సందీప్ చనిపోయిన రోజున తాను దుకాణంలోనే ఉన్నానని, ఫోన్ వస్తేనే తెలిసిందని అతను ఏడాదిగా అందరికీ చెబుతున్నదే.

*

కొసకు పోయే చివరి తొవ్వ నిటారుగా ఉంది. ఎండిన గడ్డి కాళ్లకు గీసుకుంటోంది. రాళ్లు ఇంకా పొద్దున్నుంచి తాగిన వేడిని కక్కుతున్నాయి. ముందు పెంటమ్మ, ఆమె వెనక భాగ్య, అందరికంటే వెనక అనూప్. ఎప్పుడూ ఏదో ఒకటి మాట్లాడి నవ్వించే మనిషి, బండ నీడ దాటిన దగ్గర్నుంచి నోరు విప్పలేదు. భాగ్య రెండుసార్లు వెనక్కి తిరిగి చూసింది. అతని మొహం పాలిపోయి ఉంది. నీళ్ల సీసా చేతిలోనే ఉన్నా తాగడం లేదు.

"నీకు గూడ ఎండ తాకిందా?"

"ఏం లేదు. నడువు."

చివరి మలుపు తిరిగేసరికి భాగ్యకు ఊపిరి ఆగినంత పనైంది. కొస మీద చదునైన నల్లటి బండ. దాని చుట్టూ వరసగా రేల చెట్లు. ఒక్క ఆకు లేదు, అన్నీ పూలే. మూరెడేసి పసుపు గుత్తులు కొమ్మకొమ్మకూ వేలాడుతున్నాయి. రాలిన రేకలతో నేలంతా పసుపు ఆరబోసినట్టుంది. చెట్ల మొదళ్లలో పాలకొడిసె పొదలు తెల్లటి పూలతో గుబురుగా అల్లుకున్నాయి. తేనెటీగల రొద తప్ప ఇంకో చప్పుడు లేదు.

సందీప్ చివరిసారి చూసింది దీన్నే అనుకుంది భాగ్య. ఇంత అందమైన చోట పోయినందుకు ఊరట కలగాలో, కోపం రావాలో ఆమెకు అర్థం కాలేదు.

పెంటమ్మ ఆగలేదు. ఆమె నేరుగా ఎడమవైపు, రెండో రేల చెట్టు వైపు నడిచింది. అక్కడ గుత్తులు చేతికి అందేంత కిందికి వాలి ఉన్నాయి. వాటి కింద పాలకొడిసె పొద దట్టంగా ఉంది. ఆమె ఒక చేయి చాచి గుత్తిని అందుకోబోయింది.

"అమ్మా! అటు పోకు! ఆడ బండ తెగుంది!"

అనూప్ భాగ్యను నెట్టుకుంటూ దూకాడు. పెంటమ్మ మోచేయి పట్టి వెనక్కి గుంజాడు. ఇద్దరూ రేకల మీద కూలబడ్డారు. కర్ర ఎగిరి పొదలో పడింది. పడిన చప్పుడు వెంటనే వినిపించలేదు. కాసేపటికి ఎక్కడో అడుగున, రాయికి తగిలి టక్కుమంది.

భాగ్య ముందుకు వచ్చి పొద కొమ్మలను చేత్తో పక్కకు జరిపింది. బండ అక్కడ నిలువునా చీలి ఉంది. మనిషి దూరేంత సందు. పైన పూలు, అడుగున చీకటి. అంత దగ్గర నిలబడి కొమ్మలు జరిపితే తప్ప అక్కడ సందు ఉందన్న సంగతే తెలియదు.

"అత్తమ్మా, దెబ్బ తాకిందా?"

పెంటమ్మ కూర్చున్నచోటి నుంచే అనూప్ మొహంలోకి చూస్తోంది. చూపు తిప్పడం లేదు.

"ఆడ బండ తెగుందని నీకెట్ల ఎరుక?"

అనూప్ చూపు పొద మీదికి పోయింది. 

"ఎన్నడు ఎక్కలేనంటివి గద గుట్ట. పొదల ఉన్న సందు నీకెట్ల ఎరుక కొడుకా?"

"దూరంకెళ్లి కనిపించింది..."

"నువ్వు నా కోడలు వెనక ఉన్నవు. నాకు కనవడలే, దానికి కనవడలే. నీకెట్ల కనవడ్డది?" పెంటమ్మ లేచి నిలబడింది. చీరకంటిన రేకలను దులుపుకోలేదు. "నాకు ఎరుకే ఆడ సందుందని. నా కొడుకు శవాన్ని చూసిన మేకల గాలయ్య అన్ని ఆనవాళ్లు చెప్పిండు. రెండో రేల చెట్టు, దాని కింద పొద, పొదల సందు. నువ్వు ఏం జేస్తవో చూద్దమనే అటు పోయిన."

"నేను పట్టుకోకుంటే పడి సచ్చేదానివి!"

"సస్తే సస్త అనుకున్న. పట్టుకుంటే మాత్రం ఇయ్యాల నీ నోట్లెకెళ్లి నిజం రావాలె అనుకున్న."

భాగ్య చేతిలోని కొమ్మను వదిలేసింది. అది వెనక్కి కొట్టుకుని తెల్లపూలు జలజలా రాలాయి. ఒక ఏడాదిలో ఈ మనిషి తనకు చెప్పిన మాటలన్నీ ఒక్కసారి ఆమె చెవుల్లో తిరిగాయి. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది.

"నువ్వు తోసినవా అనూప్?"

"లేదు! భాగ్యా, లేదు. మా అమ్మ తోడు."

"మరి ఉన్నవా ఈడ? ఆ రోజు?"

అనూప్ రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. అట్లాగే తలూపాడు.

పెంటమ్మ దిగే తొవ్వకు అడ్డంగా వచ్చి నిలబడింది. "మొత్తం చెప్పు. చెప్పకుంట ఈడికెళ్లి కదలవు."

*

అతను బండ మీద కూర్చుని నేలను చూస్తూ చెప్పాడు. మొదట తడబడ్డాడు. తరువాత ఆపలేకపోయాడు.

"నిరుడు చలికాలంల వాడు నా దుకాణానికి వచ్చిండు. మాపటియాల్ల మసకగ కనవడ్తుందిరా, అద్దాలు ఇయ్యి అన్నడు. బోర్డు మీద అక్షరాలన్ని చదివిండు, చిన్నయి గూడ. మంచిగనే ఉన్నయ్ గదరా కండ్లు అనుకుంట పక్కకెళ్లి అద్దం పెట్టవోయిన. నా చెయ్యి ముక్కుదాంక వచ్చినా వాడు చూడలే. అప్పుడు నాకు భయమైంది. హైదరాబాద్ తీస్కపోయిన. కంటి వెనక పొర ఎండిపోతుందన్నరు. ముందు రేచీకటి, ఎనక పక్కచూపు పోతది. ఆఖరుకు సూటిగ ఉన్నది గూడ పోతది. దానికి మందు లేదన్నరు. బండి నడుపుడు ఇయ్యాల్నే బంద్ చెయ్యాలె అన్నరు."

"బంద్ చెయ్యలే" అంది భాగ్య. అది ప్రశ్న కాదు. సందీప్ స్కూలుకు సెలవులిచ్చే రోజుదాకా వ్యాను తోలాడు. ప్రతి పొద్దూ పిల్లలను ఎక్కించుకుని, ప్రతి సాయంత్రమూ దింపి వచ్చాడు. ఆమెకు తెలుసు.

"నేను ఎన్నిసార్లు చెప్పిననో నీకు తెల్వది. వేరే పని చూసుకుంట, జర ఆగు అనేటోడు. భాగ్యకు చెప్తే నా మీద ఒట్టే అన్నడు. ఒకనాడు రామాయంపేట రోడ్డు మీద పక్కకెళ్లి బండొస్తే చూడలే. బ్రేక్ కొడితే పిల్లలంత ముందటి సీట్లకు గుద్దుకున్నరు. ఒక పిల్లకు నొసలు పగిలింది. గా దినం నేను చెప్పిన, స్కూల్ తెరిచేలోపు నువ్వు మానుకోకుంటే నేనే పోయి చెప్త అని. వానికి మస్తు కోపమొచ్చింది. నాకు కండ్లు కనవడయా, రారా రేలగుట్ట ఎక్కుదం, ఎవనికి కనవడ్తదో చూద్దం అన్నడు."

అనూప్ రాలిన రేకను ఒకదాన్ని తీసి వేళ్ల మధ్య నలిపాడు. 

"మంచిగనే ఎక్కిండు భాగ్యా. ఒక్క రాయి తన్నుకోలే. నాకన్న ముందు ఎక్కిండు. ఈడికొచ్చి, 'చూసినవారా' అని నవ్విండు. నాకు గూడ సిగ్గయింది, ఊకె పరేషాన్ జేసినని. ఆ మొదటి చెట్టు పూల కింద నిలబడు, ఫొటో తీస్త అన్నడు. నేను నిలబడ్డ. ఫోన్‌ల నేను మొత్తం పడుతలేనని పక్కకు, ఆ పొద దిక్కు జరిగిండు. ఇంకో అడుగు జరిగిండు. నేను ఆగురా అని ఒర్రిన. ఒర్రేలోపే..."

తేనెటీగల రొద ఒక్కటే వినిపిస్తోంది.

"దిగి పోయినవా?" పెంటమ్మ అడిగింది.

"ఆ వైపుకెళ్లి పాకుకుంట దిగిన. నేను పోయేసరికే ప్రాణం లేదమ్మా."

"ఎప్పుడైంది ఇది?"

"పొద్దుగాల."

పెంటమ్మ మొహం మారిపోయింది. "గాలయ్య మాపటియాల్ల చూసిండు. నా కొడుకు పొద్దుందాంక ఆడ పడి ఉన్నడా? ఒక్కడే? అంత ఎండల? నువ్వు ఇడిచిపెట్టి పోయినవా?"

"నేనున్ననంటే పోలీసోళ్లు ఎందుకెక్కిండ్రు అని అడుగుతరమ్మా. కండ్ల సంగతి బయటపడ్తది. కండ్లు లేకుండ పిల్లల బండి నడిపిండని ఊరంత వాని మొహాన ఉమ్మేస్తది. వానికి మాటిచ్చిన, చెప్పనని. ఏం జెయ్యాల్నో తెల్వలే. దుకాణానికి పోయి షటర్ తెరిచి కూసున్న. ఫోన్ ఎప్పుడొస్తదా అని చూసుకుంట కూసున్న."

భాగ్యకు ఆ రోజు దవాఖానలో అతను కనిపించిన తీరు గుర్తొచ్చింది. తెల్లచొక్కా, దాని మీద ఇస్త్రీ మడతలు. అంత ఏడుపులోనూ ఆ మడతలు ఆమె కంటబడ్డాయి. గుట్ట మట్టి అంటిన చొక్కా మార్చుకుని, తల దువ్వుకుని వచ్చి తన భుజం మీద చేయి వేశాడన్న మాట. 

"నన్ను చేసుకుంటనంటే గుడ్డిగ నమ్మిన" అంది. ఆ మాట నోట వచ్చాక దాని అర్థం తట్టి పెదవి కొరుక్కుంది.

"నిన్ను మోసం జెయ్యాలని కాదు భాగ్యా. నీకు తోడుంటే వానికి బాకీ తీరుతదనుకున్న."

"నేను నీ పాపానికి మందునా?"

 ఆమె మొహం తిప్పుకుని అత్త వైపు చూసింది. ఏడుస్తుందేమో, కూలబడుతుందేమో పట్టుకోవాలని రెండడుగులు వేసింది. అక్కడే ఆగిపోయింది.

పెంటమ్మ ఏడవడం లేదు. కొడుకు ఎండలో పడి ఉన్నాడన్నప్పుడు మండిపడ్డ మనిషి, కొడుకు కళ్లు ఎండిపోతున్నాయన్నప్పుడు మాత్రం ఉలిక్కిపడలేదు. ఏం రోగం, ఎప్పట్నించి, నాకెందుకు చెప్పలేదు, ఏదీ అడగలేదు. కన్నతల్లి అడగాల్సిన మొదటి మాట అదే కదా!

"అత్తమ్మా." భాగ్య నెమ్మదిగా పిలిచింది. "కండ్ల సంగతి నీకు ముందే ఎరుకనా?"

పెంటమ్మ చూపు తప్పించింది. దూరంగా ఎటో చూడసాగింది.

"నన్ను చూసి చెప్పు. ఎరుకనా?"

"ఏమెరుక? మాకు డాక్టర్లా, దవాఖానలా..."

"అత్తమ్మా!"

ఆ అరుపుకు చెట్టు మీది పిట్టలు లేచిపోయాయి. పెళ్లయి ఆ ఇంటికి వచ్చాక భాగ్య అత్త ముందు గొంతు పెంచడం అదే మొదటిసారి. పెంటమ్మ ఒక్కసారిగా ముసలిదై పోయింది. ఇందాకటిదాకా తొవ్వకు అడ్డంగా నిటారుగా నిలబడ్డ మనిషి, చెట్టు మొదలు పట్టుకుని కిందికి జారింది.

"మీ మామ తాగి బాయిల పడ్డడని చెప్పిన గద నీకు" అంది. "తాగలే. ఒక్క చుక్క ముట్టని మనిషి. పొలంకాడికెళ్లి చీకటిపడ్డంక వస్తుంటే తొవ్వ కనవడక పడ్డడు. కండ్లు లేవని అందరికి ఎరుకైతే నా కొడుకుకు పిల్లనెవరిస్తరు? అందుకే తాగుబోతుని జేసిన. సచ్చినోని మీద అబద్ధం జెప్పిన."

"మరి సందీప్‌కు?"

"చిన్నప్పట్నించి మాపటియాల్ల గడప తన్నుకునేటోడు. బలం లేక గట్లయితుందని ఆకుకూరలు పెట్టిన, మొక్కులు మొక్కిన. పెద్దగయినంక చెప్పుడు మానేసిండు. తగ్గిందనుకున్న. అనుకోవాలని అనుకున్న." ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "వ్యాను నడుపుతనంటే వద్దనాలె నేను. అననే లేదు."

భాగ్య ఆ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. ఒకరు నిజం రాబట్టాలని ప్రాణం పణంగా పెట్టారు. ఇంకొకరు ఆ ప్రాణం కాపాడబోయి దొరికిపోయారు. ఇద్దరూ దాచింది మాత్రం ఒక్కటే. దాచింది ఎవరి దగ్గరంటే, తన దగ్గర.

"మీరిద్దరు ఒకటే" అంది. "నాకొక్కదానికే తెల్వదు. నా ఇంట్ల, నా మొగని సంగతి, నాకే తెల్వదు."

అనూప్ లేచి ఒకడుగు ముందుకు వేశాడు. 

"ఇంకోటుంది భాగ్యా. డాక్టర్ ఆ రోజు ఇంకో మాట అడిగిండు. పిల్లలున్నరా అని. ఒక్కతే బిడ్డ అని చెప్పిండు సందీప్. రక్తంల వచ్చే రోగమిది, పిల్లను ఒకసారి తీస్కరండ్రి, చూడాలె అన్నడు."

 ఏడేళ్ల లాస్య. సందీప్ ముక్కు, సందీప్ నవ్వు. ఇంటికి ఎవరొచ్చినా "మీ నాన్న లెక్కనే ఉన్నవు బిడ్డా" అని వాళ్లచేత అనిపించుకుని మురిసిపోయే పిల్ల.

"ఏడాది" అంది భాగ్య. "ఏడాది అయింది నీకు ఈ మాట తెలిసి."

"పెళ్లయినంక నేనే తీస్కపోదమనుకున్న..."

అతని మాట పూర్తి కాకముందే పెంటమ్మ నోట సన్నటి ఏడుపు వచ్చింది. ఆమె ఇంతసేపూ బిగబట్టిందంతా అప్పుడు తెగింది.

"చలికాలంకెళ్లి చూస్తున్ననే. పొద్దుమీకినంక పిల్ల గోడ పట్టుకొని నడుస్తది. దీపం పెట్టకముందు వాకిట్లకు రమ్మంటే రాదు. మొన్న కరెంటు పోయినప్పుడు నేను ఎదురుంగనే ఉన్న. 'నానమ్మా, యాడున్నవు' అని ఏడ్సింది. నీకు చెప్పాలని నోటిదాంక వచ్చింది. ఎట్ల చెప్పాలె బిడ్డా, ఎట్ల చెప్పాలె!"

భాగ్యకు ఏడుపు రాలేదు.  సంచిలోంచి ఫోన్ తీసింది. బిడ్డ గొంతు వినాలి, ఇప్పుడే వినాలి. పొద్దున్నుంచి లేని సిగ్నల్ కొస మీద సన్నగా ఒక గీత చూపిస్తోంది. పిల్లను తమ పక్కింటి సాబెరా దగ్గర వదిలి వచ్చారు. ఆమె నంబరు నొక్కింది. చాలాసేపు మోగాక సాబెరా ఎత్తింది. అవతల గాలి హోరు, పిల్లల కేకలు.

"భాగ్యా! ఎక్కినరా మంచిగ? ఇంకా దిగలేదా మీరు?"

"సాబెరా, లాస్య ఏది? యాడున్నరు మీరు? గంత గాలేంది?"

"అరె, ఫికర్ జెయ్యకు. పిల్లలు ఇంట్ల ఒకటే లొల్లి. అందర్ని ఖిల్లా మీదికి తీస్కొచ్చిన. మస్తు ఖుషీగున్నరు. పైనదాంక ఎక్కినం. పొద్దు మునుగుడు చూస్తరంట, చూసినంక దిగుతం."

భాగ్య చటుక్కున తూర్పువైపు తిరిగింది. దూరాన మెదక్ చర్చి శిఖరం, దానికి అవతల ఖిల్లా గుట్ట. దాని మీద ఎండ అప్పుడే ఎర్రబడింది. ఆమె వెనక, పడమట, పొద్దు ఇంకో బెత్తెడు దిగితే చెట్ల వెనక్కి పోతుంది.

"సాబెరా, విను. ఇప్పుడే దిగుండ్రి. వెలుగుండంగనే దిగుండ్రి. లాస్య చెయ్యి ఇడవకు. దానికి చీకట్ల..."

"ఏం? వినొస్తలేదు. ఆగు, నీ బిడ్డ గుంజుకుంటుంది ఫోన్..."

బరబరమని చప్పుడు. ఆ తరువాత లాస్య గొంతు, పరుగెత్తి వచ్చిన రొప్పుతో.

"అమ్మా! ఈడికెళ్లి ఊరంత కనవడ్తుంది! పొద్దు మునిగినంక కిందిదాంక ఉరుకుడు పందెం పెట్టుకున్నం. చూడు, నేనే ఫస్ట్ వస్త!"

"లాస్యా, వద్దు! ఉరకకు, అక్కడే కూసో..."

ఫోన్‌లో చప్పుడు లేదు. భాగ్య చెవి దగ్గర్నుంచి తీసి చూసింది. గీత పోయింది.